మాటను మాత్రలుగా కొలిచే మెదడు లయ

తెలుగులో ‘పలు’ అన్న మాటకూ ‘పాలు’ అన్న మాటకూ ఉన్న తేడా ఒక్క దీర్ఘమే. గది–గాది, పడు–పాడు, వడ–వాడ అంటూ ఇలాంటి జంటలు ఎన్నయినా చెప్పుకోవచ్చు. ఛందస్సు ఈ తేడాను లెక్కకట్టి హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు మాత్రలు అని నిర్ణయించింది. మాత్ర అంటే ఎంతసేపు అని అడిగితే రెప్పపాటు కాలమనీ, చిటికె వేసినంతసేపనీ సంప్రదాయం జవాబు చెబుతుంది. పాణిని హ్రస్వ, దీర్ఘ, ప్లుతాలను (ప్లుతమంటే మూడు మాత్రల అచ్చు) నిర్వచించే సూత్రంలో ఉకారాన్నే ఎంచుకోవడానికి కారణం, కోడి కూతలో ఆ మూడూ వరుసగా వినిపించడమేనని పండితులు చెబుతూ వచ్చారు. ఈ జవాబుల్లో దేనిలోనూ కచ్చితమైన గడియారపు కొలత లేదు, ఉండే వీలూ లేదు. గబగబా మాట్లాడే మనిషి పలికిన దీర్ఘం, నింపాదిగా మాట్లాడే మనిషి పలికిన హ్రస్వం కంటే పొట్టిగా ఉండవచ్చు. అయినా వినేవారు పలును పాలుగానో, పాలును పలుగానో పొరబడరు. అంటే వినేవారి మెదడులో ఒక కొలబద్ద ఉండి తీరాలి, అది ఎదుటివారి వేగాన్నిబట్టి సాగుతూ, కుంచించుకుపోతూ ఉండాలి. ఆ కొలబద్ద మెదడులో నిరంతరం నడిచే విద్యుత్ లయలేనన్న వాదానికి గత రెండు దశాబ్దాల్లో చెప్పుకోదగ్గ ఆధారాలు పోగయ్యాయి. ఆ వాదం ఎక్కడ గట్టిగా నిలబడుతుందో, ఎక్కడ ఇంకా తేలవలసి ఉందో చూడటం అవసరం.

చెవి చేసే పని తక్కువది కాదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కాక్లియా, వచ్చిన శబ్దాన్ని స్థాయిలవారీగా, అంటే కంపనాల వేగాన్నిబట్టి, విడదీస్తుంది: హెచ్చు స్థాయి శబ్దాలకు మొదట్లో, తగ్గు స్థాయి శబ్దాలకు చివర్లో ఉన్న కణాలు స్పందిస్తాయి. కాని ఒక మాట ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందన్న ప్రశ్నకు కాక్లియా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే శబ్దంలోనే ఆ సమాధానం రాసిపెట్టి ఉండదు. ‘ఎక్కడికెళ్తున్నావు’ అన్నప్పుడు రెండు మాటల మధ్య విరామమన్నదే లేదు. విరామం నిజంగా ఉన్నది ‘ఎక్కడ’ అన్న ఒకే మాట కడుపులో, ద్విత్వ కకారం కోసం నాలుక వెనకభాగం గాలిని ఆపి పట్టుకున్న ఆ కాసేపు. కాగితం మీద మాటల మధ్య కనిపించే ఖాళీలు గాలిలో వినిపించవు, గాలిలో ఉన్న ఖాళీలు కాగితం మీద కనిపించవు. తెంపు లేని ఈ ధారను ముక్కలు చేసుకోవలసిన పని పూర్తిగా మెదడుదే.

మెదడులో లయలు ఉన్నాయన్న సంగతి కొత్తది కాదు. జర్మనీలోని యేనా నగరంలో మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీద నుంచి మొదటిసారి విద్యుత్ సంకేతాలను నమోదు చేసి, అయిదేళ్లు తటపటాయించి 1929లో ఆ సంగతి ప్రకటించాడు. కళ్లు మూసుకొని ఊరకే కూర్చున్న మనిషి తల వెనకభాగంలో సెకనుకు సుమారు పదిసార్లు లేచిపడే అల ఆయనకు కనిపించింది. దానికే ఆల్ఫా అని పేరు పెట్టాడు. కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ 1934లో దాన్ని నిర్ధారించేదాకా చాలామంది నమ్మలేదు. తర్వాతి కాలంలో సెకనుకు నాలుగు సార్లకు లోపు ఊగే లయలను డెల్టా అనీ, నాలుగు నుంచి ఎనిమిది దాకా థీటా అనీ, ముప్పైకి పైబడినవాటిని గామా అనీ పిలవడం స్థిరపడింది.

ఈ లయ అంటే ఏమిటో తెలిస్తే, వినికిడితో దానికి పొత్తు ఎలా కుదురుతుందో సులువుగా అర్థమవుతుంది. ఒకచోట ఉన్న వేలాది నాడీకణాలు కలిసికట్టుగా కాసేపు స్పందించడానికి సిద్ధంగా, కాసేపు బిగుసుకొని ఉంటూ ఊగుతాయి. రోట్లో దంపేటప్పుడు రోకలి పైకి లేచిన క్షణంలోనే చెయ్యి పెట్టి గింజలను ఎగదోయాలి. రోకలి దిగే క్షణంలో ఆ పని కుదరదు. అలాగే నాడీకణాలు సిద్ధంగా ఉన్న క్షణంలో వచ్చిన శబ్దానికి గట్టి స్పందన దొరుకుతుంది, బిగుసుకున్న క్షణంలో వచ్చిన అదే శబ్దం మసకబారుతుంది. ఇక్కడి నుంచి ఒక ముఖ్యమైన ఊహ పుడుతుంది: రాబోయే శబ్దానికి ఒక క్రమం ఉంటే, మెదడు తన ఊపును ఆ క్రమానికి సర్దుకొని, ముఖ్యమైన ముక్క వచ్చే వేళకు సిద్ధంగా ఉండవచ్చు. పీటర్ లకటోష్, చార్ల్స్ ష్రోడర్ తదితరులు 2008లో కోతులపై చేసిన ప్రయోగంలో ఇదే కనిపించింది. వెలుగులూ శబ్దాలూ ఒకదాని మధ్య ఒకటి వచ్చే ధారను కోతుల ముందుంచి, ఒకసారి వెలుగులనూ మరోసారి శబ్దాలనూ గమనించేలా చేశారు. ముందున్న ధార మారలేదు, గమనింపు మాత్రమే మారింది. అయినా మెదడులోని నిదానమైన లయ తలకిందులుగా తిరిగి, గమనిస్తున్న దానికి అనుకూలంగా కుదురుకుంది.

మనుషుల్లోనూ ఇటువంటి సాక్ష్యమే 2012లో వచ్చింది. మోలీ హెన్రీ, యోనస్ ఒబ్లేజర్ సెకనుకు మూడుసార్లు స్థాయి పైకీ కిందికీ ఊగే శబ్దాన్ని వినిపిస్తూ, దాని మధ్యలో అతి చిన్న ఖాళీలు పెట్టి, వాటిని పసిగట్టమన్నారు. వినేవారి మెదడు లయ ఆ సమయానికి ఏ దశలో, అంటే ఊపులో ఏ చోట, ఉందో దాన్నిబట్టి, అవే ఖాళీలు ఒకసారి దొరికాయి, ఒకసారి జారిపోయాయి.

మాటకు కూడా ఇలాంటి క్రమం ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. ఉంది, అయితే అది గడియారపు టిక్కుటిక్కులా కచ్చితమైనది కాదు. దవడ తెరుచుకోవడం, మూసుకోవడంతో శబ్దం తీవ్రత హెచ్చి తగ్గుతూ ఉంటుంది. ఒక్కొక్క హెచ్చుతగ్గూ దాదాపు ఒక అక్షరం. నాయ్ డింగ్ బృందం 2017లో ఇంగ్లీషు, చైనీస్, ఫ్రెంచి, జర్మన్, డచ్ వంటి పలు భాషల మాటల రికార్డింగులను కొలిచి చూస్తే అన్నిటిలోనూ ఈ ఊపు సెకనుకు సుమారు అయిదు సార్ల దగ్గరే ఎక్కువగా తేలింది. సంగీతంలో అది సుమారు రెండు సార్ల దగ్గర తేలింది. ఆ పట్టికలో తెలుగు లేదు. అయినా మనుషులందరి దవడలూ దాదాపు ఒకే తీరులో, అవే కండరాలతో కదులుతాయి కనుక తెలుగు మాట దీనికి ఎంతో దూరంగా ఉంటుందనుకోవడానికి కారణం కనిపించదు. మెదడులోని థీటా లయ సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది. మాట వేగమూ ఈ లయ వేగమూ ఒకే పరిధిలో పడటం కాకతాళీయమా, లేక నోరూ చెవీ ఒకదాన్నొకటి మలచుకుంటూ వచ్చిన ఫలితమా అన్నదాని చుట్టూనే ఈ రంగంలో చాలా పరిశోధన తిరుగుతోంది. హువాన్ లువో, డేవిడ్ పోపెల్ 2007లో మెదడు అయస్కాంత క్షేత్రాలను నమోదు చేసే యంత్రంతో చూపింది ఈ దిశలో గట్టి అడుగు: శ్రవణ వల్కలంలో (శబ్దాలను గ్రహించే మెదడు పైపొరలో) థీటా లయ దశ ఎలా మారుతూ పోయిందో చూసి, మనిషి అప్పుడు విన్న వాక్యం ఏదో చెప్పడం సాధ్యమైంది. శబ్దాన్ని చెడగొట్టి, మాట అర్థం కాకుండా చేసేకొద్దీ ఆ గుర్తింపు దెబ్బతింది.

అన్నిటికన్నా ఆలోచింపజేసే ప్రయోగం ఓడెడ్ గిట్జా, స్టీవెన్ గ్రీన్‌బర్గ్ 2009లో ప్రకటించినది. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజీని రెట్టింపు వేగంతో వినడం ఈనాడు చాలామందికి అలవాటే. కొంచెం శ్రద్ధ పెడితే అర్థమవుతుంది. మూడింతల వేగానికి పెంచితే మాత్రం మాట చేజారిపోతుంది. వాళ్లిద్దరూ వాక్యాలను సరిగ్గా అలా మూడోవంతుకు కుదించారు. ముందు వచ్చే మాటనుబట్టి వెనక వచ్చేదాన్ని ఊహించడానికి వీల్లేని వాక్యాలనే తీసుకున్నారు. వినేవారికి సగం మాటలు కూడా సరిగ్గా అందలేదు. తర్వాత ఆ కుదించిన శబ్దాన్ని 40 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ముక్కకూ ముక్కకూ మధ్య నిశ్శబ్దం చొప్పించారు. శబ్దంలో కొత్తగా చేర్చింది ఏమీ లేదు, ముక్కలు అవే, వాటి కుదింపు అంతే. అయినా మాటలు మళ్లీ అర్థం కాసాగాయి. నిశ్శబ్దం 80 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు తప్పులు అన్నిటికన్నా తగ్గాయి. అంతకంటే పొట్టిదైనా, పొడుగుదైనా తప్పులు పెరిగాయి. అదే నిశ్శబ్దాన్ని మొత్తంగా తగ్గించకుండా ఎగుడుదిగుడుగా పంచితే తప్పులు మళ్లీ పెరిగాయి.

ఇక్కడ అంకెలు మాట్లాడతాయి. 40, 80 కలిస్తే 120 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు సుమారు ఎనిమిది ముక్కలు, దాదాపు థీటా లయ పై హద్దు. పైగా 120 మిల్లీసెకన్లంటే ఆ ముక్క కుదించక ముందు ఉన్న నిడివే. మూడింతల వేగంలో మాట అర్థం కాకపోవడానికి కారణం చెవి ఆ శబ్దాలను పట్టుకోలేకపోవడం కాదనీ, కోసి సర్దుకోవడానికి మెదడుకు కావలసిన వ్యవధి దొరకకపోవడమనీ ఈ ఫలితం సూచిస్తోంది. మెదడుకు కావలసి వచ్చింది అదనపు సమాచారం కాదు, క్రమం తప్పని తీరిక. అయితే ఈ ప్రయోగంలో మెదడు లయను నేరుగా కొలవలేదు, వినికిడిలోని తప్పులనే లెక్కపెట్టారు. ఈ ఫలితాన్ని లయల సిద్ధాంతానికి రుజువుగా కాక, ఆ సిద్ధాంతం సులువుగా వివరించగల బలమైన ఆనవాలుగా తీసుకోవడమే న్యాయం.

పలు, పాలు దగ్గర మొదలుపెట్టిన ప్రశ్నకు నేరుగా జవాబు వెతికినది నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధన. డచ్ భాషలోనూ పొట్టి అకారానికీ పొడుగు అకారానికీ మధ్య అర్థభేదం ఉంది. ఆన్ కోసెమ్ బృందం ఒకే వాక్యాన్ని ఒకసారి వేగంగా, ఒకసారి నిదానంగా వినిపించి, చివరికి మధ్యస్థ వేగానికి మారి, హ్రస్వమో దీర్ఘమో తేలని ఒక మాటను అందులో ఉంచింది. చివరి మాట రెండుసార్లూ అదే. వేగమైన వాక్యం తర్వాత విన్నవారికి అది దీర్ఘంలా, నిదానమైన వాక్యం తర్వాత విన్నవారికి హ్రస్వంలా వినిపించే మొగ్గు కనబడింది. ఇంతవరకు భాషాశాస్త్రజ్ఞులకు ముందే తెలుసు. 2018లో వచ్చిన ఈ పరిశోధనలో కొత్త సంగతి, ఆ సమయంలో మెదడులో ఏం జరిగిందన్నది: వాక్యం వేగం మారిపోయిన తర్వాత కూడా పాత వేగపు లయ కొంతసేపు కొనసాగింది, అది ఎంతగా నిలిచిందన్నదానికీ వినేవారికి ఏ మాట వినిపించిందన్నదానికీ పొంతన కుదిరింది. ఊయలను ఊపడం ఆపిన తర్వాత కూడా అది కొన్ని ఊపులు ఊగినట్టు, మెదడు గడిచిన వేగాన్ని దాచుకొని, దానితో వచ్చే మాటను కొలుస్తోందన్నమాట. వినిపించిన మాట గాలిలో ఉన్నదే కాదు, వింటున్న మెదడు అప్పటికి ఏ ఊపులో ఉందో అది కూడా.

ఊపు అక్షరం దగ్గరే ఆగిపోతుందా? డింగ్, పోపెల్ తదితరులు 2016లో చైనీస్ భాషలో ఒక్కొక్కటి పావు సెకను నిడివి గల అక్షరాలను, మధ్యలో విరామంగాని ఊనికగాని లేకుండా, పేర్చి వినిపించారు. రెండేసి అక్షరాలు ఒక పదబంధం, నాలుగేసి అక్షరాలు ఒక వాక్యం. శబ్దంలో ఉన్న లయ సెకనుకు నాలుగు మాత్రమే. కాని చైనీస్ తెలిసినవారి మెదడులో నాలుగుతో పాటు సెకనుకు రెండు, సెకనుకు ఒకటి చొప్పున నడిచే లయలు కూడా కనిపించాయి, అంటే పదబంధానికి ఒకటి, వాక్యానికి ఒకటి. ఆ భాష రాని ఇంగ్లీషువారి మెదడులో నాలుగు ఒక్కటే కనిపించింది.

సంగీతంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. తిశ్రం, చతురశ్రం అనే మూడేసి, నాలుగేసి లెక్కల తాళగతులు తెలిసినవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది. సిల్వీ నొజరదాన్ బృందం 2011లో సెకనుకు 2.4 చొప్పున పడే ఒకే తీరు దెబ్బలను వినిపించి, వాటిని మనసులో రెండేసిగా లెక్కపెట్టుకోమని ఒకసారి, మూడేసిగా లెక్కపెట్టుకోమని ఒకసారి చెప్పింది. రెండేసిగా అనుకున్నప్పుడు మెదడులో సెకనుకు 1.2 చొప్పున, మూడేసిగా అనుకున్నప్పుడు 0.8 చొప్పున నడిచే లయ తేలింది. తాళం వేసే చెయ్యి లేదు, దెబ్బల్లో ఊనిక లేదు. లెక్క పూర్తిగా మనసులోనిదే, అయినా అది తల మీద అంటించిన తీగలకు అందింది.

పదిమంది మాట్లాడుతున్నచోట ఒక్కరి మాటను ఎలా ఏరుకుంటామన్న ప్రశ్నను 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త కొలిన్ చెర్రీ ముందుకు తెచ్చాడు. పెళ్లిపందిట్లో డోలూ సన్నాయీ మోగుతుంటే, చుట్టూ నాలుగు గుంపులు మాట్లాడుకుంటుంటే, పక్కనున్న మేనత్త మాట ఒక్కటీ చెవికి అందడం నిజంగా అద్భుతమే. నిమా మెస్గరాని, ఎడ్వర్డ్ చాంగ్ 2012లో మూర్ఛ చికిత్స కోసం మెదడు ఉపరితలంపై ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగులకు ఇద్దరి గొంతులు కలిపి వినిపించారు. ఉన్నత శ్రవణ ప్రాంతంలోని స్పందనలను బట్టి శబ్దాన్ని తిరిగి కూర్చి చూస్తే, అది దాదాపు ఆ మనిషి శ్రద్ధ పెట్టిన గొంతు ఒక్కటే పలికినట్టు ఉంది.

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి విషయం తేలిపోయిందనుకుంటే పొరపాటు. డచ్ శాస్త్రవేత్త హ్యూజెన్స్ 1665లో ఒకే దూలానికి వేలాడదీసిన రెండు లోలక గడియారాలు కాసేపటికి పొత్తుగా ఊగడం గమనించాడు. అక్కడ రెండు గడియారాలకూ ఎవరి ఊపు వారికి ముందే ఉంది. మెదడుకూ అలాగే సొంత ఊపు ఉండి, అది మాటతో పొత్తు కుదుర్చుకుంటోందా? లేక చెరువులో రాయి వేసినప్పుడల్లా అల లేచినట్టు, ప్రతి అక్షరానికీ ఒక స్పందన లేచి, అక్షరాలు క్రమంగా రావడంవల్ల ఆ స్పందనలూ క్రమంగా కనిపిస్తున్నాయా? తల మీద నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. యూలియా ఒగానియన్, చాంగ్ 2019లో శ్రవణ ప్రాంతంలోని నాడీకణ సమూహాలు శబ్దం వేగంగా పైకి లేచే అంచుకు, అంటే అచ్చు మొదలయ్యే క్షణానికి స్పందిస్తాయని చూపారు. మాట వెంట కనిపించే లయ పొత్తులో పెద్ద భాగం ఈ అంచు స్పందనలేనని ఒగానియన్ తదితరులు తర్వాత వాదించారు. ఆ వాదం తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు.

ఇంకోవైపు, శబ్దం ఆగిన తర్వాత కూడా లయ కొన్ని ఊపుల పాటు నిలుస్తుందన్న ఫలితాలు ఉన్నాయి. శాండర్ వాన్ బ్రే, బెనెడిక్ట్ జోఫెల్ తదితరులు 2021లో అర్థమయ్యే మాట విన్న తర్వాత అటువంటి కొనసాగింపును నమోదు చేశారు. వేసే రాయి లేకుండా అల లేవదు కనుక, ఇది సొంత ఊపుకు అనుకూలమైన సాక్ష్యం. తలపై నుంచి బలహీనమైన విద్యుత్తును లయబద్ధంగా పంపి, ఆ లయకూ మాటకూ మధ్య ఎడాన్ని మార్చినప్పుడు, అర్థమయ్యే మాటకు మెదడిచ్చే స్పందన కూడా మారిందని జోఫెల్ బృందం 2018లో చూపింది. ఈ సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే, అంచు స్పందన, సొంత ఊపు రెండూ ఉన్నాయనీ, ఏది ఎంత అన్నదే అసలు తగాదా అనీ అనుకోవడం సబబుగా ఉంటుంది.

ఈ తగాదా తేలేదాకా ఆగకుండానే కొన్ని ప్రయోజనాలు చేతికి వచ్చాయి. రాబర్ట్ షానన్ బృందం 1995లో మాటలోని స్థాయిలన్నిటినీ కేవలం నాలుగు పట్టీలుగా కలిపి, వాటిని గరగర శబ్దంగా మార్చి, తీవ్రత హెచ్చుతగ్గులను మాత్రం అలాగే ఉంచితే, కాస్త అలవాటయ్యాక వినేవారు దాదాపు పూర్తిగా అర్థం చేసుకోగలిగారు. వినికిడి లేనివారి లోపలి చెవిలో అమర్చే పరికరమైన కాక్లియర్ ఇంప్లాంట్ ఎందుకు పనిచేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది: అది స్థాయిలను ముతకగానే అందించినా, మాట ఊపును నిలబెడుతుంది. ఆరోగ్యశ్రీ కింద ఈ శస్త్రచికిత్స పొందిన తెలుగు పిల్లలు వినే మాట చాలావరకు ఈ ఊపు మీద ఆధారపడినదే. ఇక చదవడంలో ఇబ్బంది పడే డిస్లెక్సియా పిల్లల్లో, శబ్దం లేచే అంచును పసిగట్టడంలోని లోపానికీ నిదానమైన మెదడు లయలకూ సంబంధం ఉందని కేంబ్రిడ్జికి చెందిన ఉషా గోస్వామి 2011లో ప్రతిపాదించారు. చికిత్సగా మారడానికి ఇంకా చాలా దూరం ఉన్నా, పిల్లలకు లయతో కూడిన పాటలూ పద్యాలూ వినిపించడం దండగ కాదని చెప్పడానికి ఇది చాలినంత కారణం.

ఈ పరిశోధన ఎక్కువగా ఇంగ్లీషు, డచ్, జర్మన్, చైనీస్ భాషల మీదే జరిగింది. తెలుగు మీద జరిగితే లాభం తెలుగువారికి మాత్రమే కాదు. గడి, గాడి, గడ్డి అన్న మూడు మాటలు తీసుకుంటే, గాడిలో అదనపు కాలం అచ్చులో నిండుగా వినిపిస్తుంది. గడ్డిలో ఆ అదనపు కాలం నాలుక అంగిలిని పట్టి ఉంచిన బిగింపులో, దాదాపు నిశ్శబ్దంగా గడుస్తుంది. శబ్దపు అంచులకు లేచే స్పందన ఒక్కటే ఉంటే, అంచులు లేని ఆ ఎడాన్ని మెదడు దేనితో కొలుస్తోందన్న ప్రశ్న మిగిలిపోతుంది. సొంత ఊపు ఉంటే, ఆ ఎడంలో కూడా లయ నడుస్తూ ఉండాలి, దాన్ని కొలిచి చూడవచ్చు. అక్షరాలనుబట్టి చూస్తే గడ్డిలో మొదటిది హ్రస్వమే. అయినా ద్విత్వానికి ముందుంది కనుక ఛందస్సు దాన్ని గురువుగా లెక్కించి, గాడికీ గడ్డికీ ఒకే కొలత, ఒక గురువూ ఒక లఘువూ ఇచ్చింది.